ముందుకు తిరిగేదా, వెనక్కి తిరిగేదా

ఫిబ్రవరి 8, 2025, శనివారం. మెకిన్నీ, టెక్సాస్

ఈసారి కూరపాదులు నేలలోనే. చెక్క పెట్టెలు, సంచుల్లో కొనుక్కొచ్చిన మట్టి ఇక వద్దని భోజనాల దగ్గర ముగ్గురం ఒప్పుకున్నాం. వెనక కంచె వారగా పన్నెండడుగుల వెడల్పు, పాతికడుగుల పొడవు. మూడు వందల చదరపు అడుగులు. గోంగూర, బెండ, దోస, ఒక బీర పందిరి, నాలుగు వంగ మొక్కలు, చోటు మిగిలితే గోరుచిక్కుడు. రోజంతా ఎండ తగిలే చోటు పెరట్లో అదొక్కటే.

చోటు తేలింది గానీ దున్నడం తేలలేదు. మా ఆయన టిల్లర్ కొందామంటారు. "సెంటు నేల లేదు, దానికి మిషనెందుకురా? రెండు పారలు కొను" అంటారు అత్తయ్య. పార అన్న మాట వినగానే ఆయనకు నడుం నొప్పి మొదలైంది.

రాత్రి కూర్చుని రకాలు విడదీసి రాసుకున్నా, మళ్ళీ తికమక పడకుండా:

ఒకటి. బ్లేడ్లు ముందు ఉండే చిన్నరకం. ఇంజను వాటి నెత్తిమీదే. నడిపించేదీ బ్లేడ్లే, తవ్వేదీ అవే. వెనక ఒక ఇనప కడ్డీ నేలలోకి దిగి, బండి పరిగెత్తకుండా పట్టి ఉంచుతుంది.

రెండు. బ్లేడ్లు వెనక, ఇంజను ముందు, మధ్యలో ఇంజనుతోనే తిరిగే చక్రాలు. బ్లేడ్లు కూడా చక్రాలు తిరిగే వైపే, అంటే ముందుకే తిరుగుతాయి.

మూడు. కట్టుబడి అదే. బ్లేడ్లు మాత్రం చక్రాలకు ఎదురు తిరుగుతాయి.

నాలుగు. లీవరు మారిస్తే రెండు వైపులా తిరిగేది. ఖరీదు కూడా ఎక్కువే.

మా ఆయన మనసు నాలుగో దాని మీద ఉంది. వేరే చెప్పాలా!

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే అత్తయ్య గునపం పట్టుకుని లాన్‌లోకి దిగారు. నాలుగంగుళాలు దిగి ఆగింది. పెళ్ళ ఒకటి పెకలించి, అరచేతిలో వేసి నీళ్ళు చల్లి మెదిపారు. వేళ్ళకు అంటుకుపోయిన నల్ల జిగురు చూసి, "ఇది మన ప్రత్తిపాడు మట్టే అమ్మాయ్. దీనికోసం ఇంత దూరం వచ్చారా?" అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ నేలంతా బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. ఒకప్పుడు పత్తి పండిన భూములు. ఈ మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు, టెక్సాస్ రాష్ట్ర మృత్తిక కూడా ఇదే. సగానికి సగం బంకమన్ను, అడుగున సున్నపురాయి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. గుంటూరు నల్లరేగడి చేసేదీ ఇదే కదా. శాస్త్రవేత్తల లెక్కలో రెండూ ఒకే వర్గం. నెర్రెలిచ్చి ఇంటి పునాది కదలకుండా ఎండాకాలంలో గోడల చుట్టూ సోకర్ గొట్టాలు పరిచి నీళ్ళు పెడతారిక్కడ. పునాదికి నీళ్ళు పెట్టడం అనగానే అత్తయ్య నమ్మలేదు. పక్కింటి వాళ్ళ గొట్టం చూపించాల్సి వచ్చింది.

లాన్ గడ్డి ఏమిటో కూడా ఆవిడే పోల్చారు. బెర్ముడా గ్రాస్ అని బిల్డరు పరిచి పోయింది మన గరికే. వినాయక చవితికి ఏరి తెస్తాం, పత్తి చేలో కనిపిస్తే తిట్టిపోస్తాం, ఇక్కడేమో ఎరువేసి నీళ్ళు పెట్టి పెంచుతున్నాం. "గరికలో మిషను పెట్టావంటే ప్రతి కణుపూ తెగి ఒక్కో మొక్కయిద్ది. అప్పుడు మీరు వేసేది గోంగూర కాదు, గరిక" అన్నారు.

అమ్మేవాళ్ళ బొమ్మల్లో మాత్రం ఎదురు తిరిగే టిల్లర్ పచ్చటి లాన్‌ని చీల్చుకుంటూ పోతుంటుంది. చీలుస్తుంది, అందులో అబద్ధం లేదు. చీల్చాక ఆ ముక్కలన్నీ ఏమవుతాయన్నది ఏ బొమ్మలోనూ లేదు. కాబట్టి ముందు గడ్డి పొర చెక్కి తీసెయ్యాలి, ఆ తర్వాతే దుక్కి.

ఫిబ్రవరి 12, బుధవారం

మధ్యాహ్నం రెండు మీటింగుల మధ్య కాగితం మీద చక్రం బొమ్మ గీసుకుని చూశా. ముందుకు, వెనక్కి అన్న తేడా ఎక్కడ పనిచేస్తుందో ఇప్పుడు అర్థమైంది.

ముందుకు తిరిగే బ్లేడు పైనుంచి కిందికి దిగుతూ నేలను కొడుతుంది, కొట్టి మట్టిని వెనక్కి తంతుంది. తన్నినప్పుడల్లా బండి ముందుకు తోసుకుపోతుంది. బ్లేడ్లు చక్రాలకన్నా వేగంగా తిరుగుతాయి కనుక చక్రాలు నడిపించడం మానేసి బ్రేకు పని చేయాల్సి వస్తుంది. నేల గట్టిదైతే దెబ్బ తిరిగి బండికే తగిలి దాన్ని పైకి లేపుతుంది. బ్లేడు దిగదు, బండి గెంతుతుంది. అదే మెత్తటి నేలయితే హాయిగా దిగుతుంది, చేతికి బరువే తెలియదు.

ఎదురు తిరిగే బ్లేడు కిందినుంచి, ఇంకా తవ్వని నేలను ముందు వైపు పైకెత్తుతూ వస్తుంది. మట్టిని పైకి లేపుతుంది కాబట్టి బండి కిందికి దిగబడుతుంది. గట్టి నేలలో మనకు కావలసింది సరిగ్గా అదే. బ్లేడ్లు వెనక్కి తోస్తుంటే చక్రాలు ముందుకు లాగుతాయి, ఈ పెనుగులాటలో బండి మెల్లగా, లోతుగా పోతుంది. లేచిన మట్టి బ్లేడ్ల మీదుగా దొర్లి మళ్ళీ దెబ్బ తింటుంది, అందుకే మెత్తగా నలుగుతుంది. అయితే ఇదంతా చక్రాలకు పట్టు దొరికినప్పుడే. నేల గుల్లగా ఉంటే చక్రాలు అక్కడే తిరిగి, బండి ఉన్నచోటే గుంట తవ్వుకుంటుంది.

నడక వేగం కూడా లెక్కలోకి వస్తుంది. బ్లేడ్ల ఇరుసు నిమిషానికి 150 చుట్లు తిరుగుతుందనీ, ఒక వరసలో రెండేసి బ్లేడ్లున్నాయనీ అనుకుంటే నిమిషానికి 300 కోతలు. బండి నిమిషానికి 15 మీటర్లు నడిస్తే ఒక్కో కోత 5 సెంటీమీటర్లు. నడక సగం చేస్తే కోత రెండున్నరే. ముందుకు తిరిగేది గట్టి నేలలో గెంతినప్పుడు ఒక్కసారిగా అడుగు దూరం పోతుంది, ఆ అడుగులో ఒకటో రెండో గీతలు పడతాయి, అంతే.

అత్తయ్యకు చెప్తే అడిగిన ప్రశ్న: "మన ఊళ్ళో రోటవేటర్ ముందుకే తిరుగుద్దిగా? అదెందుకు గెంతదు?" మంచి ప్రశ్న. గెంతాలనే చూస్తుంది, కానీ ముందు రెండు టన్నుల ట్రాక్టరు కూర్చుని ఉంటుంది. ఆ తోపు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇక్కడి పెరటి టిల్లర్ బరువు నూట యాభై, రెండు వందల పౌండ్లు. అంత తేలిక బండికి బ్లేడ్లు ఎటు తిరుగుతాయన్నదే సర్వం.

రోటవేటర్ పుట్టింది ఆస్ట్రేలియాలోనట. న్యూ సౌత్ వేల్స్‌లో గిల్‌గాండ్రా అనే ఊళ్ళో ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్ అనే కుర్రాడు 1912లో తండ్రి పొలంలో ఆవిరి ట్రాక్టరుకు తిరిగే పళ్ళేలు తగిలించి మొదలుపెట్టాడు. మట్టి పక్కలకు ఎగిరిపోతుంటే చివరికి ఎల్ ఆకారంలో వంచిన బ్లేడ్లతో దారికి తెచ్చాడు. 1922లో కంపెనీ పెట్టాడు. ఆ వంపు బ్లేడే ఇవాళ ప్రత్తిపాడు చేలల్లో తిరుగుతున్నది. అత్తయ్య ఇదంతా విని, "కుర్రాళ్ళు పొలంలో ఉంటే ఏదో ఒకటి చేస్తారు" అని కొడుకు వంక చూశారు.

ఫిబ్రవరి 15, శనివారం

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. ఇక్కడి రూలు. టెక్సాస్‌లో కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. మనిషి వచ్చి భూమిలో ఏ లైను ఎటు పోతుందో జెండాలు పాతి వెళ్ళాడు. పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నారింజ ఇంటర్నెట్టు. మా కంచె వెంబడి నారింజ జెండాలు వరసగా. పాదుల హద్దు రెండడుగులు లోపలికి జరిపాం.

స్ప్రింక్లర్ గొట్టాలు ఇంటివాళ్ళ సొంతం కనుక వాళ్ళు గుర్తు పెట్టరు. వాటిని మేమే వెతుక్కోవాలి. సాయంత్రం ఒక్కో వరసా తిప్పి, నీళ్ళు ఎగజిమ్మిన చోటల్లా ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చాం.

ఫిబ్రవరి 22, శనివారం

గడ్డి పొర చెక్కే మిషను గంటల లెక్కన అద్దెకు తెచ్చి లాన్‌ని చాపలా చుట్టి అవతల పడేశాం. కింద బిల్డరు వేసిన మట్టి, దాని కింద అసలు నలుపు. అక్కడక్కడా గడ్డి పరిచినప్పటి ఆకుపచ్చ ప్లాస్టిక్ వల ఇంకా వేళ్ళతో పెనవేసుకునే ఉంది. ఏరినంత ఏరాం.

వీధి చివరి కరీంనగర్ తమ్ముడు తన చిన్న టిల్లర్ తెచ్చాడు. ముందు బ్లేడ్ల రకం. "అక్కా, హ్యాండిల్ గట్టిగ వట్టుకో, ఇది మస్తు ఉర్కుతది" అని ముందే హెచ్చరించాడు. ఉరికింది. చెక్కిన నేల మీద పెట్టగానే నాలుగడుగులు గెంతుకుంటూ పోయి కంచె దగ్గర ఆగింది. వెనక కడ్డీ ఇంకో రంధ్రం కిందికి దించితే వేగం తగ్గింది గానీ లోతు రాలేదు. పైన రెండంగుళాలు గీరుకుపోయి, కింద గచ్చులా మెరుస్తూ మిగిలింది. చూస్తూ నిలబడ్డ అత్తయ్య, "కొత్తగా కాడి కట్టిన కోడె. అరక పట్టినవాణ్ణి అదే లాక్కెళ్ళుద్ది" అన్నారు.

తమ్ముడి తోటలో ఇదే మిషను చక్కగా పనిచేస్తుంది. నిరుడే గుల్లబరిచిన నేల అతనిది. ఏడాదికోసారి కంపోస్టు కలపడానికి, సాళ్ళ మధ్య కలుపు లేపడానికి వాడతాడు. మిషనులో లోపం లేదు, మేం పెట్టిన చోటు దానిది కాదు. మొదటి దుక్కికి ఎదురు తిరిగేది తప్పదని తేలిపోయింది. వచ్చే శనివారానికి అద్దె షాపులో చెప్పి పెట్టాం.

ఫిబ్రవరి 26, బుధవారం

రాత్రి జల్లు పడింది. శనివారం దుక్కి ఉంటుందా ఉండదా అన్నది ఇక ఆకాశం చేతుల్లో లేదు, ఎండ చేతుల్లో ఉంది.

నల్లరేగడిలో పదును రెండు మూడు రోజులే ఉంటుంది. ముందు దిగితే జిగురు, తర్వాత దిగితే రాయి. తడిలో దున్నితే బ్లేడు అడుగున మట్టిని తాపీతో మెత్తినట్టు నున్నగా మూసేస్తుంది. ఆ పొరను నీరు దాటదు, వేరూ దాటదు. బ్లేడ్లు ఏ వైపు తిరిగినా ఈ నష్టం ఒక్కటే. పైకి తెచ్చిన తడి పెళ్ళలు ఎండాక సుత్తితో కొట్టినా పగలవు.

అత్తయ్య పరీక్ష: జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుమెత్తు నుంచి కింద పడేయడం. ఈ రోజు పడేస్తే ఉండ ఉండలాగే చదునైంది. దాన్నే రెండు చేతుల మధ్య నలిపితే పొడుగాటి తాడులా సాగింది. "ఇంకా రెండెండలు కావాలి" అన్నారు. యూనివర్సిటీ వాళ్ళ కాగితంలోనూ దాదాపు ఇదే పరీక్ష ఉంది, కాకపోతే అందులో ఎండల లెక్క లేదు.

మార్చి 1, శనివారం

పొద్దున ఉండ పడేశాం. నాలుగు ముక్కలైంది. పదును కుదిరింది.

తమ్ముడి పికప్ ట్రక్కులో వెళ్ళి నాలుగు గంటల అద్దెకు ఎదురు తిరిగే టిల్లర్ తెచ్చాం. ఎక్కించడానికి ఇద్దరు, దించడానికి ముగ్గురు. అత్తయ్యని అరుగు మీద కూర్చోబెట్టాం. చీర కట్టుకున్న మనిషి దాని దరిదాపుల్లోకి రాకూడదు. మా ఆయన చెప్పులతో దిగబోతే నేనే ఆపి బూట్లు వేయించా.

మొదటి సాలు పైపైన, లోతు మీట పై మెట్టులో పెట్టి. రెండో విడత కింది మెట్టులో. సాలు పక్క సాలు కాకుండా ఒకటి వదిలి ఒకటి పోయి, వదిలినవి తర్వాత దున్నితే మలుపు దగ్గర బండిని గిరగిరా తిప్పక్కర్లేదు. చిన్నదాంతో గెంతిన అదే చోట ఇది దిగబడి నడిచింది. చక్రం ఒక వైపు, బ్లేడు ఒక వైపు తిరుగుతుంటే బ్లేడ్ల ముందు నల్లటి మట్టి అలలా లేచి మూత కింద మాయమై, వెనక నలిగి పడుతోంది. హ్యాండిల్ పట్టుకుని వెంట నడవడమే, లాగనక్కర్లేదు, ఆపనక్కర్లేదు. కాసేపు నేనూ నడిపా. ఒక చేత్తో కూడా నడిచింది.

మూడో సాలు మధ్యలో చప్పుడు బరువెక్కింది. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టాకే చేయి పెట్టనిచ్చా. ఇరుసు చుట్టూ తెల్లటి గరిక వేళ్ళు, వాటితో ఆ ఆకుపచ్చ వల పోగులు, పురికొసలా బిగిసి బ్లేడు మొదళ్ళ దాకా కనిపించకుండా కప్పేశాయి. పాత చాకుతో ఇరుసు వెంబడి అడ్డంగా గాటు పెట్టి, ఒక్కో పొరా విప్పి లాగాల్సి వచ్చింది. లోపలి పొరలు వేడిగా ఉన్నాయి. ఎదురు తిరిగే దానికి ఇదొక శిక్ష. కిందినుంచి పైకి ఎత్తుతుంది కనుక వేళ్ళను తెంపడం కన్నా చుట్టుకోవడం ఎక్కువ. ఇంకోసారి బ్లేడుకీ మూతకీ మధ్య రెండు పిడికిళ్ళంత కాంక్రీటు ముక్క ఇరుక్కుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలింది ఇక్కడే కప్పెట్టారన్నమాట.

అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి అయ్యాక ఆరేడు అంగుళాలు గుల్లయింది. ఇంకొక్క విడత పోదామని ఆయన దింపారు. అప్పుడు మొదలైంది రెండో వేషం. చక్రాలు గుల్లలో జారి అక్కడే తిరుగుతున్నాయి, వెనక వైపు దిగబడిపోతోంది, హ్యాండిల్ మోకాళ్ళ దగ్గరికొచ్చింది. పొద్దుటి నుంచి ఒక చేత్తో నడిచిన బండిని ఇద్దరం కలిసి ఎత్తి బయటికి లాగాం. గట్టి నేలలో దాని బలమేదో అదే మెత్తటి నేలలో దాని బలహీనత. గడువు ఇంకా ఉండగానే కడిగి తిరిగిచ్చేశాం.

మార్చి 2, ఆదివారం

ఈ బంకమట్టికి టెక్సాస్ ఏ అండ్ ఎం విస్తరణ విభాగం వాళ్ళ మందు: మూడంగుళాల ఎక్స్‌పాండెడ్ షేల్, మూడంగుళాల మాగిన కంపోస్టు పరిచి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు కలపడం. షేల్ అంటే పలకరాయి జాతి. కొలిమిలో కాల్చి ఉబ్బించిన గుల్ల రాళ్ళు. మట్టి ముద్ద కట్టకుండా మధ్యలో గాలికీ నీటికీ సందులు ఉంచుతాయి. మా చోటుకు ఒక్కోటీ మూడు ఘనగజాలకు కాస్త తక్కువ. ఇసుక కలపొద్దని గట్టిగా చెప్పారు. బంకలో ఇసుక తక్కువగా పడితే ఇటుక మట్టి తయారవుతుంది.

కలపడానికి మళ్ళీ తమ్ముడి చిన్న మిషను. అంతకుముందు శనివారం గెంతి అల్లరి చేసిందే, ఈ గుల్లలో బుద్ధిగా దిగి నడిచింది. బ్లేడ్లు ముందుకు లాగుతుంటే కడ్డీ వెనక పట్టి ఉంచుతోంది. కాస్త ఆపి పట్టుకుంటే లోతుగా, వదిలితే పైపైన. కంపోస్టు చారలు చారలుగా నల్లమట్టిలో కలిసిపోవడం కళ్ళముందే కనిపించింది. మొండితనం కావలసింది నిన్న, కలుపుగోలుతనం కావలసింది ఇవాళ.

అత్తయ్య రెండు విడతలకే ఆపించారు. "బెడ్డలు ఉండనీ. పిండి చేస్తే వాన పడగానే పెచ్చు కట్టిద్ది. మొలక బయటికి రాలేదు." రేగు పండంత బెడ్డలు ఉండనిచ్చాం. తర్వాత రేక్‌తో లాగి గరిక ముక్కలు ఏరడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఈ పనికి ముందుకు తిరిగే మిషనూ లేదు, వెనక్కి తిరిగేదీ లేదు.

మార్చి 12, బుధవారం

కొనాలా వద్దా అన్న చర్చ మళ్ళీ లేచింది. రెండు వైపులా తిరిగేది ఒకటి ఆయనకు బాగా నచ్చింది. పదిహేడంగుళాల వెడల్పు, లీవరు ఇటు వేస్తే గట్టి నేల విరవడానికి, అటు వేస్తే కలపడానికి. ధర వెయ్యి డాలర్ల పైమాటే. "శనివారం ఒక మిషను, ఆదివారం ఒక మిషను తెచ్చుకున్నాం కదా, ఇదొక్కటే ఉంటే సరిపోయేది" అన్నారు. మాట నిజమే. ఆ రెండు రోజుల మటుకు నిజం.

నా లెక్క వేరు. ఎదురు తిరిగే పని మొన్నటితో అయిపోయింది. ఆ చోటు మళ్ళీ లాన్ అయితే తప్ప ఆ పని రాదు. ఇక మిగిలింది ఏటా కాస్త కంపోస్టు కలపడం. దానికి చిన్నది చాలు, అది వీధి చివర ఉంది, తెచ్చుకున్నప్పుడు పెట్రోలు పోసి ఒక గిన్నె గోంగూర పప్పు పంపిస్తే సరిపోతుంది. కొన్నదాన్ని గ్యారేజీలో పెట్టాలి. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటర్ పాడవుతుంది కనుక తీసెయ్యాలి. ఇంజను ఆయిలు, గేరు పెట్టె ఆయిలు చూడాలి. సెంటు నేల లేని దానికి ఇంత సంసారం.

ఇంకోటి కూడా ఉంది. మిషను చేతికింద ఉంటే ప్రతి సీజనుకూ తిప్పాలనిపిస్తుంది. అత్తయ్య ఊళ్ళో అదే జరిగింది. నాగళ్ళు పోయి రోటవేటర్ వచ్చాక, ఏటా అదే లోతులో అదే దెబ్బ. "పైన పిండి, కింద బండ" అన్నారావిడ. ఐదారు అంగుళాల కింద గట్టిపొర కట్టి వాన నీళ్ళు దిగక పైనే నిలుస్తున్నాయట. వ్యవసాయ శాఖ వాళ్ళూ లోతు దుక్కులు చేయమని చెబుతూనే ఉన్నారట.

ఆయన వినలేదు, విననట్టూ లేరు. కార్ట్‌లో పెట్టి ఉంచారు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి అయ్యాక విత్తనం. ఇక్కడ ఆఖరి మంచు సాధారణంగా ఈ నెల చివరికల్లా వెళ్ళిపోతుంది. నేలలో థర్మామీటర్ గుచ్చితే 65 ఫారన్‌హీట్ దాటింది, బెండకు అది చాలు. గోంగూర చల్లి, బెండ, దోస గుంటలు పెట్టాం. వేళ్ళతోనే గుంట పడింది. మట్టి పరీక్ష కాగితంలో పీహెచ్ 8 దగ్గరుంది, అంటే క్షార గుణం. కింద సున్నపురాయి ఉన్నాక అది తగ్గదు. గోంగూర పట్టించుకోదులెండి అన్నాను అత్తయ్యతో. నిమ్మ మొక్క మాత్రం కుండీలోనే ఉంటుంది.

మూలల్లో గరిక అప్పుడే రెండు చోట్ల లేచింది. చేత్తో పీకాం. గుల్లమట్టి కనుక వేరుతో సహా వచ్చింది.

జులై 19, శనివారం

పాదుల అవతల, ఎవరూ దున్నని చోట నేల నెర్రెలిచ్చింది. అత్తయ్య కొలిచి చూద్దామని గరిటె కాడ దింపితే మొత్తం మింగేసింది. పైనుంచి ఎండిన చూర, ఆకులు ఆ నెర్రెల్లోకి రాలుతున్నాయి. వాన పడితే అవి ఉబ్బి మూసుకుంటాయి, కిందిది పైకీ పైది కిందికీ జరుగుతుంది. నల్లరేగడి తనను తానే దున్నుకుంటుందని చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా, అర్థం చేసుకున్నది ఇప్పుడే. ఈ పని ఏడాదికోసారి నేల తనంతట తాను చేస్తుంటే మేం చేయాల్సింది పైన కంపోస్టు పరిచి, పదును చూసి గడ్డపారతో కాస్త కదపడమే. శీతాకాలంలో అలాగే చేయాలని ముగ్గురం అనుకున్నాం. ఆయన కార్ట్‌లోంచి తీసేశారు. తీసేశానని చెప్పలేదు గానీ నేను చూశా.

మధ్యాహ్నం నార్త్ కరోలినా కేరీ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. కొత్తగా అర ఎకరం ఇల్లు కొన్నారు, టిల్లర్ కొనాలట, "అక్కా, మీరు వాడారు కదా, ముందుకు తిరిగేదా వెనక్కి తిరిగేదా?" అంది. ముందు మట్టి సంగతి అడిగా. ఎర్రటి బంకట. అక్కడ ఎక్కువగా సెసిల్ అనే ఎర్రమట్టి, అది ఆ రాష్ట్ర మృత్తిక. బంకలోనే వేరే రకం. మాదానిలా ఉబ్బదు, నెర్రెలివ్వదు. అంటే తనంతట తాను గుల్లబడదు. వానలకు గట్టిపడిందంటే ఎవరో ఒకరు విరవాల్సిందే. పైగా వాళ్ళు అర ఎకరంలో సగం తోటే వేస్తారట, ఏడాదికో కొత్త ముక్క పెంచుకుంటూ. అంటే ఏటా కొంత కొత్త నేల విరవాలి, కొంత పాత నేల కలపాలి.

అలాగైతే కొనుక్కో, రెండు వైపులా తిరిగేదే కొను, బరువు ఎక్కువున్నది చూసుకో అన్నాను. గడ్డి ముందు చెక్కెయ్యమనీ, 811కి ఫోన్ చేయమనీ, ఇరుసులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ వైరు పీకమనీ, ఉండ చేసి పడేసి చూడందే మిషను దింపొద్దనీ చెప్పా. "మరి మీరెందుకు కొనలేదు?" అంది. మాకు ఎదురు తిరిగేదాంతో పని ఒక్క శనివారమే, ముందుకు తిరిగేది వీధి చివర ఉంది, మిగతాది ఈ మట్టే చూసుకుంటుంది అన్నాను.